చెరువుకట్ట నుండి విశ్వవిద్యాలయం దాకా

శాస్త్రానికి పేరు క్రొత్తదైనా దాని పని ప్రాతది కావచ్చు. పర్యావరణ శాస్త్రం అటువంటిది. మన దేశంలోని విశ్వవిద్యాలయాలలో దానికొక శాఖ, ఒక స్నాతకోత్తర పట్టం ఏర్పడడం మొదలై సుమారు 50 సంవత్సరాలు మాత్రమే అయినది. కాని నీరు ఎక్కడ నిలుస్తుంది, ఎంత నేలను తడుపుతుంది, దేనివలన చెడుతుంది అన్న ప్రశ్నలకు శాస్త్రీయమైన సమాధానం తెలుగు నేలలో ఆరున్నర శతాబ్దాలకు పూర్వమే శిలాక్షరాల కెక్కింది. గుడిబండె వంటి ఊరి నుండి ఒక విద్యార్థి గాని, విద్యార్థిని గాని ఈ పట్టం కోసం బయలుదేరేటప్పుడు ఆ చరిత్రను తెలిసికొని ఉండడం మేలు. చదువుకు కావలసిన సామగ్రి తమ ఊరిలోనే ఉన్నదని అప్పుడు బోధపడుతుంది. ఆ చదువు తమ ఊరికి ఇంకా ఏమి బాకీ ఉన్నదో కూడ బోధపడుతుంది.

కొండమీది దొనలు, కొండక్రింది చెరువు

గుడిబండెకు గుర్తు సురసద్మగిరి. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్నేలిన పాళెగాడు హావళి బైరేగౌడ ఈ కొండపై ఏడంచెల కోటను కట్టించాడు. చూడవచ్చినవారు బురుజులను, కొండకొమ్మున ఉన్న శివాలయాన్ని చూచి మరలిపోతారు. కోటలో ఉన్నవారి ప్రాణాలు నిలిపినవి మాత్రం అక్కడి దొనలు. బండపై పడిన వాన వృథాగా దొర్లిపోకుండా పట్టి నిలుపుకొనే 19 రాతి దొనల ఏర్పాటు అది. కొండక్రింది అమానీ బైరసాగరం కూడ బైరేగౌడ కట్టించినదే అని ప్రతీతి. పైనుండి చూస్తే ఆ చెరువు భారతదేశ పటంవలె కనిపిస్తుందని ఊరివారు చెప్పుకొంటారు.

ఈ సీమలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. సంవత్సరానికి కురిసే వాన 700 మిల్లీమీటర్లకు అటు ఇటుగా ఉంటుంది. పెన్నేరు, చిత్రావతి, పాపఘ్ని నందికొండల పరిసరాలలో పుట్టినా, వానలప్పుడు పారి ఉత్తరానికి, తూర్పుకు సాగి తెలుగు జిల్లాలకు పోతాయి. అందుచేతనే పూర్వులు గొలుసు చెరువులు కట్టుకొన్నారు. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీరు క్రింది చెరువుకు చేరుతుంది. కట్ట, తూము, మరవ, కాలువ, ఆయకట్టు అనే ఈ అంగాలలో దేనికి లోపం వచ్చినా మిగిలినవి పనికిరావు. ఎవరి మడికి ఎంతసేపు నీరు పారించాలో చూచే నీరుగంటి ఏ కళాశాలలోను చదువలేదు. అయినా ఆయకట్టు లెక్క, వాన లెక్క ఆయనకు కంఠస్థం.

పన్నెండు అంగాలలో రెండవది

ఈ విద్యకు శాస్త్రరూపం లేదనుకొనడం పొరపాటు. కడప జిల్లా పోరుమామిళ్ళ కూడ పెన్నా పరీవాహక ప్రాంతంలోనిదే. అక్కడ విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఒక పెద్ద చెరువు త్రవ్వించి 1369లో సంస్కృత శాసనం వేయించాడు. రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండు సంవత్సరాల శ్రమ దానికి పట్టినట్లు ఆ శాసనం లెక్క చెబుతుంది.

అంతకంటె విలువైనది అందులోని మరొక భాగం. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని శాసనకర్త ఏకరువు పెట్టాడు. మొదటిది ధర్మబుద్ధి గల రాజు. రెండవది పాథశ్శాస్త్రం, అనగా జలశాస్త్రం చదివిన పండితుడు. గట్టి నేల, తియ్యని నీటి నది, కట్టకు ఆనుకొని నిలిచే కొండ, దగ్గరలో రాతిగని, పని నేర్చిన కట్టుబడివారు మొదలైనవి మిగిలిన అంగాలు. చెరువుకు ఆరు దోషాలు కూడ చెప్పాడు. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం అనేవే ఆ దోషాలు.

ఇందులో గమనింపదగినవి రెండు. నీటి పనికి డబ్బు, కూలీలు, రాళ్ళు చాలవనీ, ఆ విషయం చదివినవాడు ఒకడు తప్పక ఉండాలనీ 1369లోనే గుర్తించారు. ఇది మొదటిది. రాజ్యాల పొలిమేర నీటికి దోషమని చెప్పడం రెండవది. పొలిమేరలో నీరు చెడిపోదు గాని తగవు పుడుతుంది. 2003 ప్రాంతంలో బాగేపల్లి సమీపాన చిత్రావతిపై పరగోడు పథకం విషయమై కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య రేగిన వివాదం ఆ ప్రాత మాటకు క్రొత్త ఉదాహరణ. ఇరువైపులా దప్పిక గొన్న ఊళ్ళే. ఇరువైపులా ఇండ్లలో మాటాడేది తెలుగే. నదిలో నీరెంత, ఎవరికెంత పోతున్నది అని కొలిచి చెప్పగలవారి మాటకు అటువంటప్పుడు విలువ పెరుగుతుంది.

పల్లె నుండి పట్టానికి నడిచినవారు

ఈ జిల్లాలో పుట్టి నీటి విద్యలో పేరు గడించినవారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు అగ్రగణ్యులు. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి వచ్చిన తెలుగు కుటుంబం వారిది. జన్మస్థలం చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళి. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య, బెంగళూరు సెంట్రల్ కళాశాలలో బి.ఏ., పూనాలో ఇంజనీరింగు ముగించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసినప్పుడు నిజాం ప్రభుత్వం వారిని పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలన్న వారి సలహా ఫలితమే 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తియైన హిమాయత్ సాగర్. వరదను అడ్డిన ఆ కట్టలే నగరానికి త్రాగునీటిని కూడ ఇచ్చాయి.

రెండవ పేరు డాక్టర్ హెచ్. నరసింహయ్యగారిది. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పేద కుటుంబంలో జన్మించిన ఆయన, 1935లో చార్జీకి డబ్బు లేక బెంగళూరుకు రెండు రోజులు కాలినడకన వెళ్ళి చదువు కొనసాగించారు. 1960లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం నుండి అణుభౌతిక శాస్త్రంలో డాక్టరేటు పొందారు. 1970 దశకంలో బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి బాధ్యతలు నిర్వహించి, హేతువాద దృష్టికి పట్టుగొమ్మ అయ్యారు. అంతటితో ఆగక గౌరిబిదనూరులోను, బాగేపల్లిలోను కళాశాలలు నెలకొల్పారు. తాను నడిచినంత దూరం తరువాతి పిల్లలు నడువ నవసరం లేకుండ చేశారన్నమాట. పర్యావరణ శాస్త్రం ఆయన విషయం కాదు. కాని ఈ మెట్టసీమ పిల్లవాడు ఉన్నత విజ్ఞానాన్ని అందుకొని, దానిని మరల ఈ సీమకు తేవచ్చునన్నదానికి ఆయన జీవితం సాక్ష్యం.

క్రొత్త శాస్త్రం పుట్టిన విధం

జీవులకు, వాటి పరిసరాలకు గల సంబంధాన్ని పరిశీలించే విద్యకు 1866లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెకెల్ ‘ఎకాలజీ’ అని పేరు పెట్టాడు. 1935లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు టాన్‌స్లీ ‘ఎకోసిస్టమ్’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. మన దేశంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య రామ్‌దేవ్ మిశ్రా ఈ విద్యకు పునాది వేశారు. పురుగుమందుల వలన పక్షులకు, మానవులకు కలిగే కీడును అమెరికాలో రేచల్ కార్సన్ 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథంలో వెల్లడించింది. 1972 జూన్‌లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినమైనది దాని కారణంగానే.

భారతదేశంలో చట్టాలు వెంటవెంటనే వచ్చాయి. 1974లో జల కాలుష్య నివారణ చట్టం, 1976లో రాజ్యాంగానికి 42వ సవరణ, 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం చేయబడ్డాయి. ఆ సవరణ ద్వారా అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అయినది. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలమందిని బలిగొన్న పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది.

చట్టం ఉంటే చాలదు. నీటిని పరీక్షించేవారు, గాలిని కొలిచేవారు, ఆ అంకెలకు అర్థం చెప్పేవారు కావాలి. రసాయన శాస్త్రం చదివినవారికి జీవశాస్త్రం తెలియదు. జీవశాస్త్రం చదివినవారికి చట్టం తెలియదు. ఈ లోటు పూరించడానికే స్నాతకోత్తర విద్య ఏర్పడింది. 1970 దశకంలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఇందుకై ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. 1983లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో మాధవ్ గాడ్గిల్ పర్యావరణ విజ్ఞాన కేంద్రాన్ని స్థాపించారు. ఆంధ్ర, ఉస్మానియా, యోగి వేమన విశ్వవిద్యాలయాలలోను, ఇటు బెంగళూరు, మైసూరు, కువెంపు విశ్వవిద్యాలయాలలోను ఎం.ఎస్సీ. తరగతులు ఏర్పడ్డాయి.

ఈ విద్య వ్యాప్తికి న్యాయస్థానం చేసిన దోహదం కూడ ఉన్నది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం 1991 నవంబరు 22న పర్యావరణాన్ని అన్ని స్థాయిలలో పాఠ్యవిషయం చేయవలెనని ఆదేశించింది. ఆదేశం అమలులో జాప్యం కాగా 2003లో మరల ఆదేశించవలసి వచ్చింది. యూజీసీ పట్టభద్ర తరగతుల కన్నింటికీ ఆరు నెలల పాఠ్యక్రమాన్ని రూపొందించింది. అప్పటి నుండి ఏ విద్యార్థి అయినా ఆ పాఠం చదువక తప్పదు. కాని దానిని బోధించే భారం చాలచోట్ల ఇతర విషయాల అధ్యాపకులపై పడడం వలన అది పరీక్షకు ముందురాత్రి చదివే పుస్తకంగా మిగిలింది. ఈ విషయాన్ని మనసుపెట్టి చదివిన అధ్యాపకుల కొరత ఇప్పటికీ ఉన్నది.

పట్టంలో నేర్పేదేమిటి

ఎం.ఎస్సీ. చదువు రెండు సంవత్సరాలు. జీవావరణం, పర్యావరణ రసాయనం, సూక్ష్మజీవులు, భూగర్భ జలం, విషపదార్థాల ప్రభావం, ఉపగ్రహ చిత్రాల ద్వారా నేలను పరిశీలించడం, పర్యావరణ చట్టాలు, పరిశ్రమ పెట్టడానికి ముందు దాని ప్రభావాన్ని అంచనా వేయడం ఇందులోని ముఖ్యాంశాలు. చివర క్షేత్రానికి వెళ్ళి ఒక సమస్యను పరిశోధించి వ్యాసం సమర్పించాలి.

ఈ పాఠాలకు ఉదాహరణలు వెదకడానికి గుడిబండె విద్యార్థి ఎక్కువ దూరం పోనక్కరలేదు. చెరువులు ఎండి బోరుబావులు వేయి అడుగులు దాటిన ప్రాంతమిది. గట్టి రాతి పొరలలో నిలిచిన లోతు నీటిలో ఫ్లోరైడు కరుగుతుంది. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. మించితే పిల్లల పండ్లపై మచ్చలు, పెద్దల ఎముకలలో బిగువు కనిపిస్తాయి. భారతదేశంలో ఈ వ్యాధిని మొదట వైద్యులు వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నాగపూరులోని జాతీయ సంస్థ రూపొందించగా, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరు లోకమంతటా నిలిచింది. తెలుగు ఊళ్ళ బాధ నుండి పుట్టిన శాస్త్రమది.

మరొక ఉదాహరణ బాగేపల్లిది. అక్కడి కూలీ సంఘం వారు 5,500 పేద కుటుంబాలకు గోబర్ గ్యాస్ తొట్లు కట్టించే పథకాన్ని 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వారి స్వచ్ఛాభివృద్ధి వ్యవస్థలో నమోదు చేయించారు. కట్టెపొయ్యి మానినందువలన ఎంత బొగ్గుపులుసు వాయువు తగ్గిందో లెక్కగట్టి, ఆ తగ్గుదలకు విలువ రాబట్టే విధానమది. వంటింటి పొగకు, ప్రపంచ వాతావరణానికి గల సంబంధాన్ని అంకెలలో చూపవచ్చునని ఈ సీమ పల్లెలే నిరూపించాయి.

నేటి పరీక్ష

అన్నింటికంటె పెద్ద పాఠం ఇప్పుడు చెరువులలోనే జరుగుతున్నది. బెంగళూరు నగరపు మురుగునీటిని రెండు దశలలో శుద్ధిచేసి, కోరమంగల–చెల్లఘట్ట లోయ నుండి రోజుకు 44 కోట్ల లీటర్లు కోలారు వైపు, చింతామణి వైపు చెరువులకు, హెబ్బాళ–నాగవార లోయ నుండి రోజుకు 21 కోట్ల లీటర్లు చిక్కబళ్ళాపురం వైపు చెరువులకు మళ్ళించే పథకాలు రూపొందాయి. మొదటి పథకపు నీరు 2018 జూన్‌లో కోలారు ప్రాంతంలోని లక్ష్మీసాగర చెరువుకు చేరింది. జూలైలో ఆ నీటిపై నురుగు లేచింది. ప్రజలు ఆందోళన చెందగా వ్యవహారం ఉన్నత న్యాయస్థానానికి, తరువాత సర్వోన్నత న్యాయస్థానానికి పోయింది. కొంతకాలం నిలిచిన నీరు మరల పారింది.

ఈ విషయంలో రెండు వైపులా న్యాయమున్నది. ఎండిన చెరువులు నిండి, బావులలో నీరు పైకి వచ్చిందని సంతోషించే రైతు మాట అబద్ధం కాదు. మూడవ దశ శుద్ధి లేని నీరు భూమిలోకి ఇంకితే రేపు పిల్లలు త్రాగే బావి ఏమవుతుందని ప్రశ్నించేవారి భయం కూడ అబద్ధం కాదు. ఈ రెండింటి నడుమ తీర్పు చెప్పవలసినవి అంకెలు. నీటిలో కుళ్ళు పదార్థం ఎంత ఉన్నదో తెలియాలంటే దానిని 27 డిగ్రీల వెచ్చదనంలో మూడు రోజులుంచి, ఎంత ప్రాణవాయువు ఖర్చయిందో కొలుస్తారు. నురుగుకు సబ్బుపొడులలోని రసాయనాలు కారణమా అని చూస్తారు. లోహాలను, క్రిములను వేరుగా పరీక్షిస్తారు. ఇదంతా ఎం.ఎస్సీ. విద్యార్థి ప్రయోగశాలలో చేసే పనియే. ఆ ఫలితాల కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. చెరువుగట్టున నిలిచి అడిగే అవ్వకు దానిని చదివి చెప్పేవారు లేకుంటే ఆ పరీక్ష జరిగినా జరుగనట్లే.

మూడు భాషల మెట్లు

ఇక్కడే తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి స్థానం కనిపిస్తుంది. ఇంటిలో తెలుగు, కార్యాలయంలో కన్నడం, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు. తెలుగులో పర్యావరణమైనది కన్నడంలో పరిసరం. తెలుగులో భూగర్భజలమైనది కన్నడంలో అంతర్జలం. మూడవ మాట ఇంగ్లీషుది. ఇది బరువే. పట్టభద్ర స్థాయిలో ఇంగ్లీషు పుస్తకం తెరచి మొదటి పుటలోనే నిలిచిపోయే తెలివైన పిల్లల బాధ ఉపాధ్యాయులందరికీ తెలుసు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్ర గ్రంథాలను తెలుగులో అందించి ఈ బరువును కొంత తగ్గించింది.

అయితే ఈ బరువు మోసినవారికే దక్కే ప్రయోజనం కూడ ఒకటి ఉన్నది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం పెద్ద పరిశ్రమలకు, గనులకు అనుమతి ఇచ్చేముందు నివేదిక సారాంశాన్ని ప్రాంతీయ భాషలో కూడ ఇవ్వాలి. బహిరంగ విచారణలో ప్రజలు తెలిపిన అభ్యంతరాలను స్థానిక భాషలో నమోదు చేయాలి. శాస్త్రం తెలిసి, ఊరి మాట తెలిసినవారు తప్ప ఈ పనిని మరెవరూ చక్కగా చేయలేరు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఉద్యోగాన్ని గురించినది. అది అడుగదగిన ప్రశ్నయే. ఈ పట్టం చేతికి రాగానే కొలువు సిద్ధంగా ఉంటుందని చెప్పడం న్యాయం కాదు. కాలుష్య నియంత్రణ మండలులలో ఇంజనీర్లకు ఉద్దేశించిన ఉద్యోగాలు ఈ పట్టంతో రావు. శాస్త్రాధికారుల ఉద్యోగాలు, నీటి పరీక్షాశాలలు, పరిశ్రమల పర్యావరణ విభాగాలు, అంచనా నివేదికలు తయారుచేసే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఈ చదువుకు తెరచియున్న ద్వారాలు. యూజీసీ నెట్ పరీక్షలో ఇది ప్రత్యేక విషయంగా ఉన్నందున అధ్యాపక వృత్తికి, పరిశోధనకు మార్గమున్నది. బి.ఎస్సీ.లో రసాయన శాస్త్రం, జీవశాస్త్రాలు బాగుగా చదివి, సంఖ్యాశాస్త్రం నేర్చినవారికి పునాది గట్టిగా ఉంటుంది. 2017లో కోలారు కేంద్రంగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఈ జిల్లా విద్యార్థులకు ఉన్నత విద్య కొంత దగ్గరయింది.

75 సంవత్సరాలు నిండిన పాఠశాల ఈ దిశలో చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక వానకొలత పాత్ర, ఒక గట్టి అట్ట పుస్తకం ఉంటే చాలు. ఏ రోజు ఎంత వాన పడినది, చెరువులో నీరు ఏ మెట్టు దాకా ఉన్నది, బడి దగ్గరి బావిలో నీరు ఎన్ని అడుగుల లోతున తగిలినది అని పిల్లలు వంతులవారీగా వ్రాసిపెట్టాలి. పదేండ్లకు అది ఏ విశ్వవిద్యాలయ పరిశోధకుడైనా వచ్చి అడిగే గ్రంథమవుతుంది. పూర్వ విద్యార్థులలో స్తోమతు గలవారు ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో వివరించడానికి సెలవులలో కొన్ని గంటలు కేటాయించవచ్చు. ఉన్నత విద్యకు పోయే ఒక పేద విద్యార్థినికి వసతిగృహం ఖర్చు భరించవచ్చు. తల్లిదండ్రులు ఆడపిల్లను దూరపు కళాశాలకు పంపడానికి ధైర్యం చేయవచ్చు.

పోరుమామిళ్ళ శాసనకర్త జలశాస్త్రవేత్తను రాజు ప్రక్కనే, రెండవ స్థానంలో నిలిపాడు. గుడిబండె చెరువులకు కొండ ఉన్నది, కట్ట ఉన్నది, గట్టి నేల ఉన్నది, పని నేర్చిన చేతులున్నవి. చదివినవారు రావలసి ఉన్నది. వారు ఈ పాఠశాల బల్లలపై ఇప్పుడు కూర్చున్న పిల్లలలోనే ఉండవచ్చు.